నేత్రవైద్య శిక్షణము - చారిత్రక పరిశీలనము

తెలుగున కంటి జబ్బులకు గల పేళ్లలో రెండు మాటలు మమ్ము ఈ పరిశీలనమునకు పురికొల్పినవి. ఒకటి చత్వారము. నలువది యేండ్లు దాటినవానికి దగ్గఱి అక్షరములు మసకబాఱుట దీని అర్థము. నలువదికి సంస్కృతమున చత్వారింశత్ అని పేరు గనుక ఈ మాటకు దానితో చుట్టఱికము కలదని తోచుచున్నది. రెండవది శుక్లము. శుక్లమనగా కంటిలోని మణి మసకబాఱి చూపు తగ్గుట యని నేటి తెలుగువాడు గ్రహించును. సుశ్రుతసంహితలో ఈ జబ్బునకు ఆ పేరు లేదు. అందు తిమిరము ముదిరి కాచమగును, కాచము ముదిరి లింగనాశమగును. శుక్రమని అచ్చట చెప్పబడినది నల్లగ్రుడ్డు మీద లేచు తెల్లని మచ్చ. శుక్ర శుక్ల శబ్దములు ఒండొంటితో కలసిపోయి, కంటి పైభాగమునకు చెందిన పేరు లోపలి జబ్బునకు సంక్రమించినదని మా ఊహ. గ్రంథము చదివినవాడును సూది పట్టినవాడును ఒక్కడే యైనచో ఇట్టి తాఱుమాఱు అంత సులువుగా జరుగదు. వారిరువురును వేఱైన కాలమొకటి ఉండవలెను. కంటివైద్యుడు తన విద్యను ఎవరివద్ద నేర్చెను, అంతకంటె ముఖ్యముగా దేనిమీద చేయి ఉంచి నేర్చెను అను ప్రశ్న ఇచ్చటనే పుట్టుచున్నది. ఏ శస్త్రవిద్యకైనను తొలి తప్పులు తప్పవు. కంటి విషయమున తొలి తప్పు చాలవఱకు తుది తప్పు కూడ అగును. ఆ తప్పులు ఏ కాలమున దేనిమీద పడినవో చూచుటయే మా ఉద్దేశము.

ఆయుర్వేదమున మెడకు పైనున్న అవయవముల వ్యాధులను గూర్చిన అంగమునకు శాలాక్యమని పేరు. శలాక యనగా సన్నని కడ్డీ. ఒక శాస్త్రాంగము తన పనిముట్టు పేర పిలువబడుట గమనింపదగిన విషయము. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రము నేత్రరోగములతోనే ఆరంభమగుచు, వానిని 76గా లెక్కించును. ఈ విద్యకు మూలపురుషుడు విదేహాధిపతి యని అందే చెప్పబడినది. నిమి యను ఆ విదేహరాజు పేర నుండిన తంత్రము నేడు లభ్యము కాదు. వ్యాఖ్యాతలు ఎత్తిచూపిన భాగములవలననే అది యుండెనని ఎఱుగుదుము.

శిక్షణమును గూర్చి మాత్రము సుశ్రుతసంహిత చెప్పినంత వివరముగ ఏ దేశపు ప్రాచీన గ్రంథమును చెప్పినట్లు మే మెఱుగము. సూత్రస్థానమున తొమ్మిదవ అధ్యాయము పేరు యోగ్యాసూత్రీయము. యోగ్య యనగా ఇచ్చట చేతి అభ్యాసము. ఎంత చదివినవాడైనను అభ్యాసము చేయనివాడు క్రియకు తగడని మొదటనే చెప్పి, గ్రంథకర్త ఒక్కొక్క క్రియకు ఒక్కొక్క వస్తువును నిర్దేశించినాడు. కోయుట నేర్చుటకు గుమ్మడి, సొర, పుచ్చ, దోస మొదలగు కాయలు. చీల్చుటకు నీరును బురదయు నింపిన తోలుతిత్తులు. గీకుటకు వెండ్రుకలు ఊడని తోలును బిగించి చాచి ఉంచవలెను. గ్రుచ్చుటకు చచ్చిన పశువుల సిరలు, కలువకాడలు. వెదకుటకు పురుగు తొలిచిన కఱ్ఱ, వెదురు, ఎండిన సొరకాయ మూతి. లోపలిదానిని బయటికి లాగుటకు పనస, దొండ, మారేడు పండ్ల గుజ్జు, చచ్చిన పశువుల పండ్లు. స్రావము వెడలించుటకు మైనము పూసిన బూరుగు పలక. కుట్టుటకు సన్నని దట్టమైన గుడ్డ అంచులు, మెత్తని తోలు అంచులు. కట్టు కట్టుటకు మనుష్యప్రమాణపు బొమ్మ. ఇవి చాలవఱకు మన పెరళ్లలోను సంతలలోను దొరకు వస్తువులే.

ఈ అధ్యాయమును చదువువారికి ఒక చిక్కు కలదు. అందు నీరు నిండిన కుండ ప్రక్కనుండు కన్నమున, సొరకాయ మూతియందు నేత్రమును ప్రవేశపెట్టుట నేర్వవలెనని కలదు. తొందరపడి ఇది కంటి శస్త్రమునకు సంబంధించినదని భ్రమపడరాదు. వస్తికర్మలో వాడు గొట్టమునకు నేత్రమని పరిభాష. మేమును మొదట ఈ మాటచూచి సంతోషించి, పిదప సంతోషమును ఉపసంహరించుకొంటిమి.

కంటి మణిని త్రోయు శస్త్రము ఉత్తరతంత్రమున పదునేడవ అధ్యాయమున వర్ణింపబడినది. రోగిని వెలుతురులో కూర్చుండబెట్టి, ముక్కువైపు చూడుమని చెప్పి, నల్లగ్రుడ్డునుండి తెల్లగ్రుడ్డులో రెండు భాగములు విడిచి, కడకంటి ప్రక్కన, రక్తనాళములు లేనిచోట యవగింజ మొనవంటి మొనగల శలాకను గ్రుచ్చవలెను. సరిగా గ్రుచ్చినచో చిన్న చప్పుడును నీటిబొట్టును గుఱుతులు. వెంటనే చనుబాలతో కంటిని తడిపి, శలాకమొనతో మసకబాఱిన భాగమును చెదరించి తొలగించవలెను. రోగి వస్తువులను చూడగలిగిన పిదప శలాకను మెల్లగా వెలికి తీయవలెను. ఆ మీదట దగ్గు, తుమ్ము, ఉమియుట కూడదు. పది దినములు నియమముతో పడియుండవలెను. ఇందు శిక్షణమునకు సంబంధించిన గొప్ప విషయమొకటి కలదు. ఎడమకంటిని కుడిచేతితోను, కుడికంటిని ఎడమచేతితోను వేధించవలెనని విధి. అనగా శాలాకికునకు రెండు చేతులును సమముగా నడువవలెను. కుడిచేతివాటము గలవానికి ఎడమచేతితో కంటిలో కడ్డీని నడుపుట ఎన్ని నెలల అభ్యాసమున సాధ్యమగునో పాఠకులే ఊహించుకొనవచ్చును. అయితే యోగ్యాధ్యాయమున పశువు కన్ను పేర్కొనబడలేదు. గ్రుచ్చుటకు చెప్పిన కలువకాడయు సిరయు దీనికి దగ్గఱి ఉపాయములై యుండును. బయట ఒక పొర, లోపల మెత్తన, పొర తెగిన క్షణమున చేతికి తెలియు చిన్న సడలిక, ఇవి మూడును కాడలోను కంటిలోను ఉన్నవి. ఇది మా ఊహయే.

ఈ విద్య ఆంధ్రదేశమునకు క్రొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దినాటి జైనవైద్యుడు ఉగ్రాదిత్యాచార్యుడు తన కల్యాణకారకమును త్రికళింగదేశమున రామగిరిపై రచించినట్లు చెప్పుకొన్నాడు. ఆ రామగిరి విజయనగరము దాపుననున్న రామతీర్థమని పలువురు పండితుల మతము. అతడు శాలాక్యమునకు పూజ్యపాదుని ప్రమాణముగ పేర్కొన్నాడు. ఆ గ్రంథము మనకు దక్కలేదు. ఆంధ్రదేశముతో పేరు ముడిపడిన నాగార్జునుని కంటివైద్యము చీనాదేశమున కనబడుట ఇంకను వింతగానున్నది. టాంగ్ చక్రవర్తుల కాలమున నాగార్జునకృతమని ప్రసిద్ధమైన కంటివైద్య గ్రంథ మొకటి అచ్చట ప్రచారములో నుండెను. అది నాగార్జునుని రచనయే యని ఎవ్వరును నేడు నొక్కి చెప్పరు. కాని పేరు ఊరక పుట్టదు. క్రీ. శ. 752 నాటి వాంగ్ తావో సంకలనములోని నేత్రభాగము పడమటి దేశపు భిక్షువు వలన విద్యను గ్రహించిన ఒక విరాగి చెప్పినదని అందే కలదు. బంగారు సూదితో కంటిపొరను తొలగించు హైందవ భిక్షువులు ఆనాటి చీనా కవులకును పరిచితులు. విద్య గురువు వెంట నడచి పోయెనని దీనివలన తేలుచున్నది. పుస్తకము వెంబడి వచ్చినదే గాని ముందు పోలేదు.

నడచు విద్యకు ఒక కీడు కలదు. నడచువాడు తాను చేసిన పని ఫలితమును చూడడు. నడుమ శతాబ్దులలో మనదేశమున కంటిసూది తండ్రినుండి కొడుకునకు వచ్చు కులవృత్తియై, ఊరూర తిరుగువారి చేతులలో నిలిచినది. శాస్త్రము తాటాకులలో నుండెను. సూది సంచిలో నుండెను. యోగ్యాధ్యాయపు గుమ్మడికాయ మాత్రము రెంటినడుమ జాఱిపోయెను.

ఈ దుఃస్థితి మనకే ప్రత్యేకమని తలచుట తప్పు. ఐరోపాలో ఇట్టిదే యుండెను. జాన్ టేలర్ (1703-1772) అను ఆంగ్లేయుడు కండ్ల బొమ్మలు వ్రాయించిన బండిలో ఊరేగుచు, సభలలో ఉపన్యసించుచు, కట్టు విప్పుదినమునకు ముందే పొరుగు నగరమునకు సాగిపోవువాడని ప్రసిద్ధి. 1750లో లైప్జిగ్ నగరమున సంగీతవిద్వాంసుడైన బాఖ్ కన్నులకు శస్త్రము చేసినది ఇతడే. ఆ యేడే బాఖ్ మరణించెను. టేలర్ చదువుకొనని మోసగాడు కాడు. కంటిని గూర్చి గ్రంథములు వ్రాసినవాడు. అందువలననే అతని కథ మనకు ఎక్కువగా ఉపకరించుచున్నది. చదువు ఒక్కటే చేతిని కాపాడలేదు. తర్వాతి తరమున వెంజెల్ అను ప్రఖ్యాత శస్త్రవైద్యుడు, మణిని వెలికి తీయు నేర్పు తనకు అబ్బులోపల ఒక టోపీ నిండ కన్నులను పాడుచేసితినని చెప్పుకొనెనని పరంపరగా వచ్చుచున్న వార్త. ఇట్లు ఒప్పుకొనుటకు కావలసిన ధైర్యమును మేము తక్కువ చేయము. ఆ టోపీలోని కన్నులు ఎవరివో మాత్రము ఎవ్వరును వ్రాసి ఉంచలేదు.

మణిని లోపలికి త్రోయుటకు బదులు వెలికి తీయు పద్ధతిని 1747లో ఫ్రెంచి వైద్యుడు జాక్ డేవియెల్ ఆరంభించెను. త్రోయుట కంటె ఇది మేలైనది, నేర్చుటకు కష్టతరమైనది. చేయవలసిన కోత పెద్దదైనకొలది శిక్షణపు ఆవశ్యకత పెరిగినది. 1812లో వియన్నాలో గెయోర్గ్ యోసెఫ్ బేయర్ ఆధ్వర్యవమున విశ్వవిద్యాలయ నేత్రచికిత్సాలయము ఏర్పడుటతో కంటివైద్యము తిరునాళ్లనుండి తరగతిగదికి వచ్చినది. లండనులో 1805లో సాండర్స్ తెఱచిన చికిత్సాలయమే తరువాత మూర్‌ఫీల్డ్స్ అను పేర ప్రసిద్ధమైనది. ఈజిప్టు దండయాత్రనుండి మరలిన సైనికుల కంటిజబ్బులు దాని పుట్టుకకు ముఖ్యకారణము. ఆసుపత్రి నిలిచి ఉండును, రోగి మరల వచ్చును, తన పని ఎట్లు పరిణమించినదో వైద్యుడు చూడక తప్పదు. టేలరు బండికిని ఈ గదికిని గల భేదమంతయు ఇందే యున్నది.

1851లో హెల్మ్‌హోల్ట్స్ ప్రకటించిన నేత్రదర్శని యను సాధనము శిక్షణమును ఇంకొక విధముగ మార్చినది. అంతవఱకు కంటిపాప వెనుకనున్నది చీకటి. జబ్బు అచ్చట ఉన్నచో గురువునకు రోగి చెప్పిన మాటయే ఆధారము. ఈ సాధనము వచ్చిన పిదప సజీవమైన కంటి అడుగునే గురువు చూచి, శిష్యునకు సాధనమును అందించి, నీవేమి చూచితివో చెప్పుమని అడుగ గలిగెను. కంటివైద్యమున పరీక్ష అనుమాట అప్పటినుండియే సార్థకమైనదని మా అభిప్రాయము.

మనవైపునకు వత్తము. 1819లో చెన్నపట్టణమున ఈస్టిండియా కంపెనీవారు కంటి ఆసుపత్రిని స్థాపించిరి. మొదటి అధికారి రిచర్డుసన్. అది ఆసియాఖండమునందే మొదటిదని ప్రతీతి. సర్కారు జిల్లాలును దత్తమండలమును చెన్నరాజధానిలో భాగములై యున్నంతకాలము తెలుగువారికిని పెద్ద కంటివైద్యమునకు అదియే ఆశ్రయము. దాదాపు అదే కాలమున తంజావూరున శరభోజి మహారాజు (మరణము 1832) ధన్వంతరి మహలులో దేశీయ పాశ్చాత్య పద్ధతులను కలిపి చికిత్స చేయించి, కంటిరోగుల వృత్తాంతములను, రోగపు కన్నుల రంగుబొమ్మలను వ్రాయించి ఉంచెను. మన తెలుగు తాళపత్రములను కాపాడిన సరస్వతీమహలులోనే అవియు నున్నవి. పరిశోధకులు పద్యములకై వెదకు ఆ బీరువాల ప్రక్కనే రోగుల కన్నులు బొమ్మలై నిలిచియుండుట చాలమంది ఎఱుగరు.

చెన్నపట్టణపు ఆసుపత్రికి ఇరువదవ శతాబ్ది తొలిభాగమున అధికారియైన రాబర్టు హెన్రీ ఇలియట్, కన్ను బిగుసుకొను జబ్బునకు 1909లో సన్నని గుండ్రని రంధ్రము చేయు శస్త్రమును కనిపెట్టి లోకప్రసిద్ధుడయ్యెను. ఊరూర తిరుగు సూదివైద్యులు చెఱచిన కన్నులు అతనియొద్దకు వందలకొలది వచ్చినవి. వానిని పరీక్షించి, 1917లో లండనులో శస్త్రవైద్యుల రాజకళాశాలలో ఉపన్యాసములిచ్చి గ్రంథముగ వెలువరించెను. ఆ విమర్శ కఠినమైనది, చాలవఱకు న్యాయమైనది. కాని ఒక మాట చేర్చవలసియున్నది. సూది వలన చూపు వచ్చినవాడు ఆసుపత్రికి రాడు. చెడినవాడే వచ్చును. ఇలియట్ చూచినది ఆ రెండవవానిని. తరువాత అతనిపేరనే ఆ ఆసుపత్రిలో నేత్రవైద్య పాఠశాల వెలసినది.

ఇదే కాలమున పంజాబునందు జరిగినది మా ప్రశ్నకు గుండెకాయవంటిది. జలంధరమున సివిల్ సర్జనుగా నుండిన హెన్రీ స్మిత్, బయటినుండి ఒత్తిడితో మణిని దాని పొరతో కూడ వెలికి త్రోయు పద్ధతికి ప్రసిద్ధుడు. నోటి చుట్ట ఆఱకుండ శస్త్రము చేయువాడని అతనిని గూర్చి చెప్పుకొందురు. శుక్లములతో వచ్చు రైతుల సంఖ్య అపారము. ఈ వార్త విని అమెరికానుండి కంటివైద్యులు సముద్రము దాటి వచ్చి, తమ దేశమున ఏండ్లు గడచినను దొరకనన్ని శస్త్రములు అచ్చట కొలది వారములలోనే చేసి పోవుచుండిరి. సింధుదేశమున షికార్‌పురమునందు హెన్రీ హాలండ్ ప్రతి శీతకాలమున నడిపిన కంటి శిబిరమునకును ఇట్లే విదేశీ వైద్యులు వచ్చిరి. వచ్చినవారు ఏమియు తెలియనివారు కారు. తమ ఊళ్లలో పేరుగల వైద్యులు. హాలండ్ పుణ్యపురుషుడు, 1960లో మెగసెసే బహుమానమును పొందినవాడు. ఆ శిబిరములు లేనిచో ఆ వేలమంది గ్రుడ్డివారుగనే చనిపోయి యుందురు. ఇవన్నియు సత్యములే. అయినను నేర్పు ఓడ ఎక్కి పోయెను, నేర్చునప్పటి తప్పులు జలంధరపు పల్లెలలో నిలిచిపోయెను. తన కంటిపై చేయి ఉంచినవాడు గురువో శిష్యుడో ఆ రైతునకు చెప్పినవారు ఉన్నారా యని మేము అడుగక తప్పదు. సుశ్రుతుడు గుమ్మడికాయపై వేయుమన్న భారమును ఇచ్చట బీదవాని కన్ను మోసినది. సూదివైద్యుని నిందించిన పండితులు ఈ విషయమున మౌనము వహించుట మాకు నచ్చలేదు.

తెలుగునాట వైద్యవిద్య చరిత్ర వేఱుగ వ్రాయదగినది. ఇచ్చట రెండు మాటలు చాలును. హైదరాబాదులో 1846లో వైద్యపాఠశాల ఏర్పడి, తొలుత ఉర్దూ భాషలో బోధన సాగినది. విశాఖపట్టణమున వైద్యకళాశాల 1923లో వచ్చినది. ఆ మీదటగాని తీరమునందలి తెలుగు విద్యార్థికి చెన్నపట్టణపు రైలు ఎక్కని వైద్యవిద్య దొరకలేదు.

అంతకంటె ఆసక్తికరమైనది చేయి తిరిగినవారు మరల నేర్వవలసివచ్చిన కథ. 1976లో అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమము ఆరంభమైన పిదప బడులలోను సత్రములలోను శిబిరములు విరివిగ సాగినవి. మణిని తీసివేసి దళసరి అద్దములు ఇచ్చెడివారు. జనులు వానిని సోడాబుడ్డి కండ్లద్దములని పిలిచిరి. అద్దములు పగిలినచో ఆ ముసలివాడు మరల గ్రుడ్డివాడే. తీసిన మణి స్థానమున కృత్రిమమైన మణిని ఉంచవచ్చునని లండనులో హెరాల్డ్ రిడ్లీ 1949లోనే చూపియుండెను. ఆ విద్య మన జిల్లా ఆసుపత్రులకు చేరుటకు నలుబదియేండ్లకు పైబట్టినది. 1994 మొదలు 2002 వఱకు ప్రపంచబ్యాంకు సాయముతో ఏడు రాష్ట్రములలో నడచిన పథకమున ఆంధ్రప్రదేశమును చేరినది. అందు వేలకొలది శస్త్రములు చేసిన పెద్ద వైద్యులు సూక్ష్మదర్శని ముందు కూర్చుండి, సొంత కంటితో చూచుట మాని, పాదముతో మీట నొక్కుచు, వ్రేళ్లను మరల బడిలో వేయవలసివచ్చినది. ఏబదియేండ్ల వయస్సున, తన శిష్యుని వయస్సువాని ఎదుట శిష్యుడగుట సామాన్యమైన వినయము కాదు.

1987లో హైదరాబాదున ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ప్రారంభమైనది. పేరు చలనచిత్ర నిర్మాతది, స్థాపన గుళ్లపల్లి నాగేశ్వరరావుగారిది. దాని పనులలో మా దృష్టిని ఆకర్షించినది పెద్ద శస్త్రములు కాదు. 1996లో ఆదిలాబాదు జిల్లా ముథోలునందు గ్రామీణ కేంద్రమును నెలకొల్పి, పిదప ఏబదివేల జనాభాకు ఒక దృష్టికేంద్రము చొప్పున ఏర్పఱచి, ఆ ప్రాంతపు యువతీయువకులకే ఒక సంవత్సరము శిక్షణమిచ్చి అందు నిలుపుట. వీరు కత్తి పట్టరు. చూపు కొలిచి, అద్దములు ఇచ్చి, శస్త్రము కావలసినవానిని గుఱుతించి పంపుదురు. తిరుగు సూదివైద్యునకు ఇది నిజమైన ప్రత్యామ్నాయమని మేము తలచుచున్నాము. అతడు ఊరికి వచ్చి పోవువాడు, వీరు ఊరిలోనే ఉండువారు.

నేడు మూడేండ్ల ఉన్నతవిద్యకు వచ్చిన యువవైద్యుడు మొదట అభ్యాసశాలలో కూర్చుండును. కసాయి అంగడినుండి తెచ్చిన మేకకన్నును దిమ్మెకు బిగించి కోత, కుట్టు నేర్చును. మేక మణిపొర మనుష్యుని పొరవంటిది కాదు గనుక ఆ లోటు తీర్చుటకు యంత్రములు వచ్చినవి. తెరపై కన్ను కనబడును, చేతిలోని పనిముట్టు ఒత్తిడికి అది స్పందించును, తప్పులను యంత్రమే లెక్కించును. ఇట్టి యంత్రము అందుబాటులోనికి వచ్చిన పిదప మొదటి రెండేండ్ల శిక్షితుల శస్త్రములలో మణి వెనుకపొర చినుగుట 38 శాతము తగ్గినదని బ్రిటనులో 2020లో ప్రకటితమైన పరిశీలనము తెలుపుచున్నది. ఆ 38 శాతమును అంకెగా చదువరాదు, టోపీలో పడని కన్నులుగా చదువవలెను. యంత్రము వెల మిక్కుటము, అది లేని కళాశాలలు మనదేశమున తఱచు. అట్టిచోట్ల మణిపొరను గుండ్రముగ చించుట నేర్చుటకు ద్రాక్షపండు తొక్కను, టమాటా అనబడు రామములగపండు తొక్కను వాడుచున్నారు. పండును సూక్ష్మదర్శని క్రింద ఉంచి, సన్నని పట్టకారుతో తొక్కను పట్టి, గుజ్జు చిట్లకుండ వలయాకారముగ ఒలువవలెను. సుశ్రుతుని పట్టికలో గుమ్మడి, సొర, పుచ్చ, దోసల నడుమ రామములగ కానరాకుండుటకు కారణము, ఆ మొక్క అప్పటికి ఈ దేశమునకు రాకపోవుటయే.